తలను చూసి జడ వేయాలి

పోయిన నెల ఒక ఆదివారం పొద్దున మా ఇంట్లో చిన్న యుద్ధమే జరిగింది. ఇంటర్ రెండో సంవత్సరం చదువుతున్న మా పాప అద్దం ముందు నిలబడి, జడ మొత్తం ముందుకు వేసుకుని, భుజం దగ్గర చెయ్యి పెట్టి, "అమ్మా, ఇక్కడికి కత్తిరించేస్తా" అంది. కుంకుడుకాయలు కొడుతున్న అత్తమ్మ చేతిలో రాయి అట్లాగే ఆగిపోయింది.

"ఆడపిల్ల జుట్టు కత్తిరిస్తారా ఎవురైనా? అనాది నుంచి వస్తా ఉండే జడ అది. మన ఇళ్లల్లో ఉండాదా ఇట్టాంటిది?" అన్నారు.

పాప ఊరుకుంటుందా? "నా ముఖానికి ఈ జడ నప్పలేదు నాయనమ్మా. నా నుదురు చూడు ఎంత వెడల్పో. గట్టిగా లాగి జడేస్తే ముఖమంతా నుదురే కనిపిస్తా ఉంది" అంది. ఇద్దరూ నా వైపు చూశారు. పదిహేడేళ్లుగా ఆ జడ అల్లుతున్నది నేనే కదా, తీర్పు కూడా నేనే చెప్పాలన్నట్టు.

నేను ఏమీ చెప్పలేకపోయాను. "టిఫిన్ తినండి ముందు" అని వంటింట్లోకి వెళ్లిపోయాను. కానీ దోసె పోస్తుంటే అత్తమ్మ అన్న "అనాది" అనే మాట, పాప అన్న "నప్పలేదు" అనే మాట, రెండూ బుర్రలో తిరుగుతూనే ఉన్నాయి. ఆ జడ నిజంగా అనాదిదేనా? నప్పడం, నప్పకపోవడం అనేది ఈ కాలం బ్యూటీ పార్లర్లు కనిపెట్టిందేనా? ఆ రెండు ప్రశ్నలకూ జవాబు వెతుక్కుంటూ పోతే, అవి నన్ను మా అమ్మ వాళ్ల ఊరి దాకా తీసుకెళ్లాయి.

మా అమ్మ వాళ్లది మైపాడు దగ్గర ఒక పల్లె. సముద్రపు ఉప్పుగాలికి జుట్టు పొద్దున దువ్వితే మధ్యాహ్నానికి జిడ్డుగా అతుక్కుపోయేది. ఎండాకాలం సెలవులకు పోయినప్పుడు మా ఆడపిల్లలందరికీ జడలు వేసేది అగ్రహారంలో ఉండే ఒక అవ్వ. అప్పటికే ఎనభై అయిదేళ్ల మనిషి. తెల్లటి చీర, తల మీదుగా ఎప్పుడూ జారని కొంగు. ఆ కొంగు కింద జుట్టు లేదు. చిన్నతనంలోనే భర్త పోతే తీసేశారు. మాకు అప్పట్లో అది వింతగా కూడా అనిపించలేదు. ఆమె అట్లాగే ఉంటుంది అనుకునేవాళ్లం, అంతే.

పొద్దున్నే, తను స్నానం చేయక ముందే రమ్మనేది. స్నానమయ్యాక మమ్మల్ని ముట్టుకుంటే మళ్లీ తల మీద నీళ్లు పోసుకోవాలి కాబట్టి. అరుగు మీద వరసగా కూర్చునేవాళ్లం. ఆమె దగ్గర ఒక చిక్కుదువ్వెన, ఒక ఈర్పెన, చిన్న గిన్నెలో కొబ్బరినూనె. అద్దం ఉండేది కాదు. అరచేతిని ముందు మా తల వెనక ఆనించి చూసేది. తర్వాత గడ్డం పట్టుకుని ముఖం ఒక పక్కకు తిప్పి, పక్క నుంచి చూసేది. ఆ తర్వాతే దువ్వెన తీసేది.

"ఎదురుగా చూసేది అద్దమమ్మే. పక్క నుంచి, వెనక నుంచి చూసేది లోకం. తలను చూసి జడేయాల" అనేది.

అప్పుడు నవ్వుకున్నాం గానీ, ఆమె చెప్పినవి ఇప్పటికీ నాకు జ్ఞాపకమే. మీకూ పనికొస్తాయి, చెప్తాను.

గుండ్రటి ముఖమైతే చెంపల దగ్గర జుట్టు ఉబ్బెత్తుగా వదలకూడదు, నెత్తి మీద కాస్త ఎత్తుగా దువ్వాలి. అప్పుడు ముఖం కొంచెం సాగినట్టు కనిపిస్తుంది. కోలముఖమైతే దీనికి పూర్తిగా ఎదురు. నెత్తి మీద ఎత్తు పెడితే ముఖం ఇంకా పొడుగైపోతుంది కాబట్టి, చెవుల మీదుగా వదులుగా దువ్వి, ముడి కిందగా, మెడ మీద వాలేటట్టు వేయాలి. నుదురు పెద్దదైతే నడి పాపిట వద్దు, పక్క పాపిట తీసి జుట్టును నుదుటి మీదుగా వాల్చి తీసుకుపోవాలి. దవడలు వెడల్పుగా ఉంటే చెంపల మీద నాలుగు ముంగురులు వదలాలి, గీత గీసినట్టు లాగి దువ్వకూడదు. మెడ పొట్టిదైతే కొప్పు పైకి పోవాలి, వెనక మెడ కనిపించాలి. మెడ పొడవైతే వాలుజడ, లేదా మెడను ఆనుకునే ముడి.

అన్నిటికంటే ఆమె ఎక్కువ పట్టించుకున్నది తల వెనక భాగాన్ని. పసితనంలో ఎక్కువగా వెల్లకిలా పడుకున్న పిల్లలకు తల వెనక చదునుగా ఉండిపోతుంది కదా. మా ఇళ్లల్లో అందుకే బాలింత గదిలో ఆవాల దిండు పెట్టేవాళ్లు. (ఇప్పటి డాక్టర్లు పసిబిడ్డలకు దిండే వద్దంటారు. పడుకోబెట్టేది వెల్లకిలానే, మేలుకుని ఉన్నప్పుడు మాత్రం మన కళ్ల ముందు కాసేపు బోర్లా వేయమంటారు. అదే మంచిది.) అట్లా చదునుగా ఉన్న తలకు జడ కిందనుంచి మొదలుపెడితే ఆ చదును బయటపడుతుంది. అందుకని అవ్వ జడను కొంచెం పైనుంచి ఎత్తుకునేది. నా తల అట్లాంటిదే. "నీ తల వెనక గోడ కట్టినారే" అని నవ్వుతూ, రెండు వేళ్ల ఎత్తున మొదలుపెట్టేది నా జడ. ఇప్పటికీ నేను అక్కడి నుంచే అల్లుకుంటాను.

ఆమెకొక కొలత ఉండేది. నాలుగు వేళ్లు అడ్డంగా పెట్టి జుట్టు మొదలు నుంచి కనుబొమల దాకా ఒకటి, కనుబొమల నుంచి ముక్కు చివర దాకా ఒకటి, అక్కడి నుంచి గడ్డం దాకా ఒకటి చూసేది. మూడూ సమానంగా వస్తే, "నీకు ఏ జడేసినా ఫరవాలేదు పో" అనేది. పై భాగం ఎక్కువొస్తే పక్క పాపిట, కింది భాగం తక్కువొస్తే నెత్తి మీద ఎత్తు తగ్గించడం. ఇంతే ఆమె శాస్త్రం.

ఇది ఆమె సొంత తెలివి అనుకున్నాను చాలాకాలం. డిగ్రీలో శిల్పశాస్త్రం గురించి ఒక పాఠం చదువుతుంటే ఉలిక్కిపడ్డాను. మన శిల్పులు విగ్రహం చెక్కడానికి ముఖం పొడవునే కొలమానంగా తీసుకుంటారు. దాన్ని తాళం అంటారు. ఒక తాళం 12 అంగుళాలు. ఇవి స్కేలు మీది అంగుళాలు కావు, విగ్రహాన్ని బట్టి మారే శిల్పి అంగుళాలు. ఆ ముఖాన్ని మళ్లీ మూడు భాగాలు చేస్తారు: నుదురు 4, ముక్కు 4, ముక్కు కింద నుంచి గడ్డం దాకా 4. ఆరో శతాబ్దంలో వరాహమిహిరుడు రాసిన బృహత్సంహితలో కూడా విగ్రహాల కొలతల దగ్గర ఈ నాలుగు అంగుళాల లెక్క వస్తుంది. పుస్తకం పట్టని అవ్వ నాలుగు వేళ్లు, శాస్త్రంలోని నాలుగు అంగుళాలు ఒకటే. ఇప్పుడు పార్లర్ అమ్మాయి టేపు పట్టుకుని చూసేదీ ఆ మూడు భాగాలనే. అంటే ముఖాన్ని చూసి కొప్పు పెట్టడం కొత్త పిచ్చేం కాదు, పాత విద్యే.

ఆ విద్యకు మన సాహిత్యంలో ఒక గొప్ప మనిషి ఉంది. ద్రౌపది. ఆశ్చర్యపోకండి. అజ్ఞాతవాసంలో పాండవులు తలా ఒక పని చెప్పుకుని విరాటుడి కొలువులో చేరారు కదా. ధర్మరాజు జూదం, భీముడు వంట, అర్జునుడు నాట్యం. మరి ద్రౌపది? సుదేష్ణ దగ్గర సైరంధ్రిగా చేరింది. కొప్పులు తీర్చడం, మైపూతలు నూరడం, పూలదండలు కట్టడం తనకొచ్చిన పనులని చెప్పుకుంది. అంటే ఇప్పటి మాటల్లో హెయిర్ డ్రెస్సర్. ఇంతకు ముందు సత్యభామ దగ్గర, ద్రౌపది దగ్గర పని చేశానని కూడా చెప్పింది. తన దగ్గర తానే పని చేశానని చెప్పడం! నిజమే కదా, మన జడ మనమే వేసుకున్న ఆడవాళ్లం అందరం అదే మాట చెప్పుకోవచ్చు.

సైరంధ్రి అంటే దాసి కాదు. పరాయి ఇంట్లో ఉన్నా తన వశంలో తాను ఉండే, పనితనం గల స్త్రీ అని అమరకోశం అర్థం చెప్తుంది. అందుకే ద్రౌపది ఎంగిలి ముట్టనని, కాళ్లు కడగనని ముందే షరతు పెట్టింది. చేతిలో విద్య ఉంది కాబట్టి ఆ మాట అనగలిగింది.

ఈ కథను తెలుగులో రాసింది మన నెల్లూరులోనే. 13వ శతాబ్దంలో మనుమసిద్ధి దగ్గర మంత్రిగా ఉన్న తిక్కన సోమయాజి, భారతాన్ని విరాటపర్వంతోనే మొదలుపెట్టి మిగిలిన పదిహేను పర్వాలూ పూర్తి చేశాడు. వానలు పడకపోతే ఊళ్లో విరాటపర్వం చదివించే ఆచారం మన పల్లెల్లో ఉండేది. అవ్వ కూడా అట్లా గుళ్లో కూర్చుని విన్నదే. "మా పని ద్రౌపదమ్మ చేసిన పనే" అనేది గర్వంగా.

అదే ద్రౌపది ఉద్యోగపర్వంలో, కృష్ణుడు సంధికి బయలుదేరుతుంటే, దుశ్శాసనుడు పట్టి ఈడ్చిన తన జుట్టును చేత్తో పట్టుకుని చూపిస్తుంది. సంధి మాట వచ్చినప్పుడల్లా దీన్ని గుర్తుంచుకో అంటుంది. పరాయివాళ్ల కొప్పులు అన్నేసి తీర్చిన మనిషి, తన జుట్టు మీద పడ్డ చెయ్యిని మాత్రం మరిచిపోలేదు. చదువుకునే రోజుల్లో ఈ ఘట్టం చదివి మార్కుల కోసం వ్యాఖ్య రాశాను. ఇప్పుడు చదివితే అందులో వేరే సంగతి కనిపిస్తోంది. అది చివర్లో చెప్తాను.

ముందు అత్తమ్మ "అనాది" సంగతి చూద్దాం. ఈ ప్రశ్న బుర్రలో ఉన్నప్పుడే చెన్నైలో బంధువుల పెళ్లికి పోవాల్సి వచ్చింది. తిరుగు ప్రయాణంలో సగం రోజు ఖాళీ దొరికితే పాపను ఎగ్మూరు మ్యూజియానికి తీసుకుపోయాను. మన అమరావతి స్తూపం శిల్పాలు బోలెడు అక్కడే ఉన్నాయి. ఇంకొన్ని లండన్‌లో బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. క్రీస్తు పూర్వం నుంచి క్రీస్తు శకం మూడో శతాబ్దం దాకా మన కృష్ణా తీరంలో చెక్కిన రాళ్లు అవి.

పాప ముందు బుద్ధుడి కథలు చూసింది. తర్వాత మెల్లగా ఆడవాళ్ల తలలు చూడటం మొదలుపెట్టింది. పాపిట మీద బిళ్ళ పెట్టుకున్న ఆమె ఒకటి, మెడ మీద ముడి వేసుకున్న ఆమె ఒకటి, జడ వేలాడే ఆమె ఒకటి. "అమ్మా, ఏ ఇద్దరికీ ఒక్కటి లేదు" అంది. నేను కూడా అప్పుడే గమనించాను. రెండు వేల ఏళ్ల కిందటి శిల్పి ఒక గుంపులో నలుగురు ఆడవాళ్లను చెక్కితే నాలుగు రకాల తలకట్టు పెట్టాడు. అతడి ఊళ్లో ఆడవాళ్లు అట్లా ఉండబట్టే కదా.

ఆ వరస అక్కడితో ఆగలేదు. 1213లో కాకతీయుల సేనాని రేచర్ల రుద్రుడు పాలంపేటలో కట్టించిన రామప్ప గుళ్లో మదనికల తలలు చూడండి. 2021లో యునెస్కో గుర్తింపు వచ్చిన గుడి అది. నల్లరాతిలో కొప్పుల నిగనిగ ఇంకా తగ్గలేదు. పదహారో శతాబ్దంలో విజయనగర కాలంలో లేపాక్షి కప్పు మీద వేసిన బొమ్మల్లో ఆడవాళ్లను ఎక్కువగా పక్క నుంచి చూపించారు. వెనక ముడి ఎంత పెద్దదో, ఎక్కడ కూర్చుందో తెలియాలంటే అట్లానే చూపించాలి. అవ్వ చెప్పిన మాటే! ఇక గోదాదేవి సంగతి మీకు తెలుసు. కొప్పు నడి నెత్తిన కాదు, ఒక పక్కకు ఒరిగి ఉంటుంది. రంగనాయకుల గుడికి పోయినప్పుడు ఈసారి ఆమె కొప్పును ఒక నిమిషం చూడండి.

భాష కూడా అదే సాక్ష్యం చెప్తుంది. జడ, వేణి, వాలుజడ, కొప్పు, సిగ, ముడి, క్రొమ్ముడి, కీలుగంటు, ధమ్మిల్లం. ఇన్ని మాటలున్న జాతికి ఒక్కటే తలకట్టు ఉండేదంటే ఎట్లా నమ్మడం? "జుట్టున్నమ్మ ఏ కొప్పు పెట్టినా అందమే" అని సామెత కూడా పుట్టించుకున్నాం మనం. ఒక్క జడే మన ఆచారమని మనకు మనమే ఎప్పుడో గిరి గీసుకున్నాం.

జడను తక్కువ చేస్తున్నానని అనుకోకండి. జడకు మన దగ్గర జరిగినంత వైభవం దేనికీ జరగలేదు. కూచిపూడి భామాకలాపంలో సత్యభామ తెర మీదుగా జడ వేసి వచ్చేది. తనను గెలిచేవాళ్లు ఉంటే ఆ జడ కోసిస్తానని సవాలు. సిద్ధేంద్రయోగి కట్టిన కలాపం అది. ఆ వేషం కట్టి పేరు పొందిన వేదాంతం సత్యనారాయణ శర్మగారు మగవాడు! ఆయన జడను ముందుకు వేసుకుని తిప్పుతుంటే నిజం ఆడవాళ్లే సిగ్గుపడేవాళ్లని పెద్దలు చెప్పేవాళ్లు. నెత్తిన సూర్యుడు, చంద్రుడు, నాగరం, జడబిళ్ళలు, చివర కుప్పెలు. పెళ్లికూతురికి మనం ఇప్పటికీ పెట్టేది సత్యభామ జడే.

కానీ ఒక్క మాట. అంత జడ ఎంతమందికి ఉంటుంది? అందుకే సవరం పుట్టింది. దువ్వినప్పుడు రాలిన జుట్టును అమ్మ చిన్న ఉండగా చుట్టి గోడ సందులో దాచేది. కొన్నేళ్లకు దాంతో సవరం కట్టించేది. ఇప్పుడు ఆ పని ప్రపంచమంతా నడిచే వ్యాపారం. తిరుమల కల్యాణకట్టలో భక్తులు ఇచ్చిన తలనీలాలను పొడవును బట్టి రకాలుగా విడదీసి దేవస్థానం వేలం వేస్తుంది. అవి సవరాలుగా, విగ్గులుగా ఎక్కడెక్కడికో పోతాయి. మన ఊరి ఆమె మొక్కు తీర్చుకున్న జుట్టు, ఏ దేశంలోనో ఇంకొకామె తల మీద నిండుగా కూర్చుని ఉండొచ్చు.

మా అమ్మ కాలానికి జడ కంటే కొప్పుదే రాజ్యం. దానికి కారణం కూడా మన నెల్లూరు ఆడపడుచే. వాణిశ్రీ గారు. 1971లో దసరా బుల్లోడు, ప్రేమనగర్ రెండూ ఒకే ఏడు వచ్చాయి. ఆ తర్వాత ఎత్తు కొప్పు వేయని కొత్తకోడలు లేదు. లోపల సవరం ఉండ పెట్టి, పైన జుట్టు పరిచి, పిన్నులతో బిగించి, ఒక పక్కగా పూలు. అమ్మ పెళ్లి ఫోటోలో కొప్పు ఎత్తు చూసి మేం నవ్వుతాం. "నవ్వండి నవ్వండి. నా గుండ్రటి ముఖానికి అది ఎంత నప్పిందో మీకేం తెలుసు" అంటుంది అమ్మ. నిజమే. గుండ్రటి ముఖానికి నెత్తి మీద ఎత్తు. అవ్వ సూత్రమే.

అదే కాలంలో బయటి ప్రపంచంలో కూడా ఎత్తు కొప్పులే. 1960లో చికాగో ప్రాంతపు మార్గరెట్ విన్సీ హెల్ట్ అనే ఆమె, కొత్తగా ఏదైనా చేయమని ఒక పత్రిక అడిగితే, తేనెపట్టు ఆకారంలో ఒక తలకట్టు చేసి చూపింది. దాన్ని బీహైవ్ అన్నారు, దేశదేశాలకు పాకింది. అదే 1960లో హిందీలో లవ్ ఇన్ సిమ్లా వచ్చింది. అందులో సాధన నుదురు వెడల్పుగా కనిపిస్తుందని దర్శకుడు ఆర్.కె. నయ్యర్, ఆడ్రీ హెప్‌బర్న్ లాగా ముందు జుట్టు కత్తిరించి నుదుటి మీదికి వేయించాడు. దేశమంతా సాధనా కట్ అని వేయించుకుంది. వెడల్పు నుదురున్న ఒక్క అమ్మాయి కోసం చేసిన ఉపాయం, అన్ని నుదుళ్ల మీదా ఫ్యాషనై కూర్చుంది! చాలామందికి నప్పకపోయి ఉంటుంది కూడా. తలను చూడకుండా పేరును చూసి వేయించుకుంటే అంతే.

ఇక అవ్వ సంగతి.

నేను పదో తరగతి పరీక్షలు రాసి వెళ్లిన ఏడు. అప్పటికి ఆమె చేతులు వణుకుతున్నాయి. అయినా నా జడ తనే వేస్తానంది. ఆ రోజు ఎందుకో అడిగాను, "అవ్వా, నీ జుట్టు ఎట్లా ఉండేది?" అని.

చాలాసేపు దువ్వుతూనే ఉంది. తర్వాత చెప్పింది. "మోకాళ్ల దాకా ఉండేదమ్మే. నీ మాదిరే వెనక చదును తల నాది. మా అమ్మ పైనుంచి ఎత్తి వేసేది. పద్నాలుగో ఏట ఆయన పోయినాడు. పదో రోజు మంగలిని పిలిపించినారు. ఒళ్లో పడింది జడ. పాము చచ్చి పడినట్టు ఉన్నింది. ఏట్లో కలిపేసినారు." అంతే. ఏడవలేదు. జడ చివర రిబ్బను కట్టి, "లే, ఇంకోదాన్ని పంపించు" అంది.

లెక్క వేసి చూస్తే అది 1920కి అటూ ఇటూ జరిగి ఉండాలి. వితంతువులు పెళ్లి చేసుకోవచ్చని 1856లోనే చట్టం వచ్చింది. 1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరంలో కందుకూరి వీరేశలింగం గారు మొదటి వితంతు వివాహం జరిపించారు. 1890 ప్రాంతంలో బొంబాయిలో నారాయణ మేఘాజీ లోఖండే పిలుపు మీద మంగలివాళ్లే ముందుకొచ్చి, వితంతువుల తలలు గొరగమని నిశ్చయించుకున్నారు. కత్తి పట్టిన చేతులకు కలిగిన దయ, ఇంట్లో వాళ్లకు కలగలేదన్నమాట. ఇన్ని జరిగాక కూడా, ఇంత దూరంలో ఒక సముద్రపు ఒడ్డు పల్లెలో ఒక పద్నాలుగేళ్ల పిల్ల ఒళ్లో జడ పడింది.

ఒక సంగతి మాత్రం చెప్పాలి. మా అమ్మ నాకు జబ్బు చేసినప్పుడు మొక్కుకుని తిరుమలలో మూడు కత్తెర్లు కాదు, నిలువు తలనీలాలు ఇచ్చింది. కొంగు కప్పుకోకుండానే ఊళ్లో తిరిగింది. అవ్వదీ గుండే, అమ్మదీ గుండే. కానీ అమ్మ ఇచ్చింది. అవ్వ దగ్గర తీసుకున్నారు. ఆ తేడా అర్థం కావడానికి నాకు నలభై ఏళ్లు పట్టింది. ద్రౌపది జుట్టు పట్టుకుని కృష్ణుడికి చూపించింది కూడా ఆ తేడానే అనిపిస్తుంది. నా జుట్టు మీద నన్ను అడగకుండా చెయ్యి పడింది, అని.

ఇంకొకటి కూడా గుర్తొచ్చింది. అవ్వ తల వెనక చెయ్యి పెట్టి చూసి, ముఖం తిప్పి చూసి, నాలుగు వేళ్లతో కొలిచి, అన్నీ అయ్యాక దువ్వెన తీసే ముందు ప్రతిసారీ ఒక మాట అడిగేది. "నీకెట్టా కావాలమ్మే?" అని. పేలు నిండిన తలతో వచ్చిన అయిదేళ్ల పిల్లనైనా అడిగేది. నప్పదని తనకు తెలిసినా, "రెండు జడలు కావాలవ్వా" అంటే రెండు జడలే వేసేది. "నప్పదు అని చెప్తా. వద్దు అని చెప్పను" అనేది. ఆమెను ఎవరూ అడగని మాట అది.

ఈ కథంతా ఒక రాత్రి అన్నాలయ్యాక అత్తమ్మకు చెప్పాను. పాప కూడా పక్కనే ఉంది. అత్తమ్మ చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అన్నారు, "నాకూ వాణిశ్రీ కొప్పంటే ఇష్టంగా ఉన్నింది. మా అత్తగారు ఒప్పుకోలా. నూనె పెట్టి బిగించి ఒక్క జడే. నాది కోలముఖం కదా, అద్దంలో చూసుకోబుద్ధయ్యేది కాదు."

నాకు నవ్వొచ్చింది. కోలముఖానికి ఎత్తు కొప్పు నప్పదు, ఆమె అత్తగారు తెలియకుండానే సగం మేలు చేశారు. కానీ ఆ మాట అనలేదు. నప్పుతుందో లేదో తేల్చుకునే అవకాశమే ఆమెకు రాలేదు కదా.

"ఇట్రా పాపా" అని అత్తమ్మ పాప నుదుటి మీద నాలుగు వేళ్లు పెట్టి చూశారు. ఇంకో వేలు పట్టేంత జాగా మిగిలింది. "నిజమేనే, పెద్ద నుదురే. మా నాయనది వచ్చిందే నీకు" అన్నారు. కత్తిరించుకోమని అనలేదు, వద్దని కూడా అనలేదు.

పాప ముందు నెల రోజులు పక్క పాపిటతో, వదులు జడతో ఉండి చూస్తానంది. నేను అట్లాగే వేశాను. నుదురు సగం తగ్గినట్టయింది. బాగుందనే అన్నారు అందరూ. నెల తర్వాత తనే వచ్చి, "బాగుందమ్మా. కానీ నాకు కత్తిరించుకోవాలనే ఉంది" అంది. సరే అన్నాను. పోయిన శుక్రవారం పొమ్మంటే అత్తమ్మ ఒప్పుకోలేదు, శుక్రవారం వద్దన్నారు. శనివారం కూడా వద్దన్నారు. ఆదివారం పంపించాం.

భుజాల దాకా ఉంది ఇప్పుడు. నుదుటి మీదికి ఒక పాయ వాలుతుంది. నప్పిందా అంటే, నా చేతికి ఇంకా అలవాటు కాలేదు. పొద్దున ఏడు గంటలకు చేతులు ఖాళీగా ఉంటున్నాయి. కత్తిరించిన జడను పాప కాగితంలో చుట్టి ఇంటికి తెచ్చింది. నా సవరానికి ఉంచుకోమంది. బీరువాలో పెట్టాను.

మీ ఇంట్లో కూడా ఇట్లాంటి గొడవ వస్తే, ముందు పిల్లను పక్కకు తిప్పి తల చూడండి. నాలుగు వేళ్లు పెట్టి కొలవండి. నప్పేది, నప్పనిది ఉన్నదున్నట్టు చెప్పండి. దువ్వెన తీసే ముందు మాత్రం, అవ్వ అడిగిన ఆ ఒక్క మాట అడగడం మరిచిపోకండి.